1929 క్రాష్‌లో షేర్లు లేనోళ్ళు ఎందుకు మునిగారు?

మారతహళ్ళి_కుర్రోడు:
మా పీజీలో రాత్రి పెద్ద వాదన బాస్. 1929 అంటే షేర్ మార్కెట్ పడిపోవడం, అంతే అంటాడు మా రూమ్మేట్. మరి అమెరికాలో షేర్ మొహమే చూడని జనం ఎందుకు రోడ్డున పడ్డారు? తెలిసినోళ్ళు చెప్పండి.

వైట్‌ఫీల్డ్_బావ:
షేర్లు ఉన్నోళ్ళు తక్కువే తమ్ముడూ, వాయిదాలు కట్టేవాళ్ళు మాత్రం బోలెడు. కార్లు, రేడియోలు, వాషింగ్ మెషీన్లు అన్నీ అలాగే కొనేవాళ్ళు, జనరల్ మోటార్స్ అయితే 1919లోనే కార్ లోన్లకి సొంత ఫైనాన్స్ కంపెనీ పెట్టేసింది. అసలు కిటుకు ఏంటంటే, వాయిదా తప్పితే బండి పట్టుకుపోయేవాళ్ళు, అప్పటిదాకా కట్టింది గోవిందా. అందుకే 1930లో భయం పట్టుకోగానే జనం బండి కాపాడుకోడానికి మిగతా ఖర్చులన్నీ కోసేశారు, కొనేవాడు లేక ఫ్యాక్టరీలు మూత, ఉద్యోగాలు ఊడి 1933కి పనిచేసేవాళ్ళలో దాదాపు నలుగురికి ఒకడు ఖాళీ.

కడపోడు_బీటీఎమ్:
రైతుల్ని మర్చిపోయావన్నా. మొదటి ప్రపంచ యుద్ధం టైమ్‌లో గోధుమకి మంచి రేటుందని అప్పులు చేసి భూములు కొన్నారు, 1920లో రేట్లు ఢమాల్. వాళ్ళకి కష్టాలు అప్పుడే మొదలు, పల్లెల్లో చిన్న బ్యాంకులు కూడా అప్పట్నుంచే మునుగుతున్నాయి.

మారతహళ్ళి_కుర్రోడు:
మరి బ్యాంకులో దాచుకున్న డబ్బులు?

వైట్‌ఫీల్డ్_బావ:
చాలామందివి పోయాయి. 1933లో చట్టం చేశాక, 1934 నుంచి ఒక్కో డిపాజిటర్‌కి 2,500 డాలర్ల దాకా గ్యారంటీ ఇచ్చారు. మన దగ్గర ఇప్పుడు 5 లక్షలు. అవునూ, మీ రూమ్మేట్ ఆప్షన్స్ ట్రేడింగ్ చేస్తాడా ఏంటి, షేర్లే లోకం అంటున్నాడు 😄