1984లో కరణాలను తీసేయడం మంచిదేనా?

డెల్టా రైతుబిడ్డ:
మొన్న ఊళ్లో అరుగు మీద మాటల్లో ఒక పెద్దాయన, "ఊరి భూమి లెక్కలు రాసే కరణం ఉన్నన్నాళ్లూ ఏ పొలం చెక్క ఎవరిదో నోటి మీద చెప్పేవాడు, ఎన్టీఆర్ తీసేశాకే ఈ తగాదాలన్నీ" అన్నాడు. పక్కనున్నాయన, "మా నాయనని ఆ కరణం అరుగు కూడా ఎక్కనివ్వలేదు" అని లేచి వెళ్లిపోయాడు. నేను ఆ వెళ్లిపోయిన ఆయన వైపే. కరణం, ఊళ్లో శిస్తు వసూలు చేసే మునసబు, ఈ ఉద్యోగాలు తండ్రి నుంచి కొడుక్కి రావాలని 1895లో మద్రాసు ప్రభుత్వం చట్టమే చేసింది. రాజ్యాంగం వచ్చాక కూడా అదే నడిచింది. తెనాలి తాలూకా పెరవలిపాలెం మునసబు ఉద్యోగం మీద ఒకాయన సుప్రీంకోర్టు దాకా వెళ్తే, పుట్టుకను చూసి ఉద్యోగం ఇవ్వడం చెల్లదని 1960 డిసెంబరులో తీర్పొచ్చింది. ఆ తర్వాత కూడా చాలా ఊళ్లలో పుస్తకాలు ఆ ఇళ్లలోనే ఉన్నాయి. మీరేమంటారు?

చావడి వీధి:
మా తాతగారు కరణం, అందుకని నా మాట కాస్త పక్షపాతం అనిపించొచ్చు, అయినా చెప్తాను. వంశపారంపర్యం పోవాల్సిందే, దాంట్లో నాకు రెండో మాట లేదు. కానీ ఆ పనేంటో చూశారా? అడంగల్, అంటే ఏ పొలం ఎవరిది, ఏం పండింది అనే ఊరి లెక్క, రాయాలంటే గట్టు గట్టూ తిరగాలి, ఏ పంట వేశారు, ఏ నీటితో పండింది, ఎక్కడ బీడు పడింది అన్నీ చూడాలి. జమాబందీకి, అంటే ఏటా జరిగే శిస్తు లెక్కల తనిఖీకి, లెక్కల కట్టలు గుడ్డలో చుట్టి తాలూకా కచేరీకి మోసుకెళ్లేవారు. 1984 జనవరిలో ఆర్డినెన్స్ వచ్చింది, పుస్తకాలు అప్పగించమన్నారు. తీసుకోవడానికి వచ్చిన మనిషికి మా ఊరి పొలిమేర ఎటో తెలీదు. తాతగారు కట్టలిచ్చేసి ఆ రాత్రి అన్నం తినలేదని నాయనమ్మ చెప్పేది. మనిషిని మార్చండి, కానీ పని నేర్పి మార్చండి అని నా బాధ.

పాలమూరు పిలగాడు:
అన్నా, మీ దిక్కు కరణం, మా దిక్కు పటేల్, పట్వారీ. నిజాం దివాను సాలార్‌జంగ్ జిల్లాలు, తాలూకాలు ఏర్పాటు చేసినా ఊరి మీద పెత్తనం దొర దేశ్‌ముఖ్‌దే, కాగితం పట్వారీది, వెట్టి మాత్రం మాది. ఆ కాగితం ఉర్దూలో, ఊళ్లో దాన్ని చదివేటోళ్లే తక్కువ. 1946 నుంచి 51 దాకా జనం తిరగబడ్డది దొర మీదనే కాదు, ఆ కాగితం మీద కూడా. ఇప్పటికీ పాత తగాదా వస్తే 1954-55లో రాసిన భూమి లెక్క, ఖాస్రా పహాణీ, తియ్యమంటరు. మీరు జ్ఞాపకం అంటున్నది మాకు భయం.

డెల్టా రైతుబిడ్డ:
ఇద్దరి మాటల్లోనూ నాకు ఒకటే కనిపిస్తోంది. కంపెనీ కాలంలో మద్రాసు గవర్నరుగా చేసిన మన్రో రైత్వారీ ఆలోచనే తీసుకోండి, జమీందారు లేకుండా సర్కారు నేరుగా రైతుతో శిస్తు కుదుర్చుకోవాలన్నాడు, వినడానికి బాగుంది, కానీ వేలమంది రైతుల లెక్క రాసేది ఎవరు? కరణం. జమీందారు లేని చోట కలం పెద్దదైంది. ఆ ఏర్పాటు వెనకున్న నమ్మకం, రికార్డు సర్కారుదే తప్ప ఊరిది కాదని, ఇప్పటికీ పోలేదు. 1984లో మనిషిని తీసేశాం. 2020లో తెలంగాణలో వీఆర్వోలను, అంటే ఊరి రెవెన్యూ అధికారులను, తీసేసి అక్టోబరు 29న ధరణి అనే ఆన్‌లైన్ భూమి రికార్డు తెచ్చారు, తీరా చూస్తే పేరులో ఒక అక్షరం తప్పు పడినా కలెక్టర్ దాకా తిరగాల్సొచ్చింది. 2025లో ధరణి బదులు భూభారతి చట్టం తెచ్చి మళ్లీ ఊరికో అధికారిని పెట్టడం మొదలెట్టారు. ఆంధ్రాలో 2019లో గ్రామ సచివాలయాలు పెట్టారు. పంచాయతీల కోసం చేసిన రాజ్యాంగ 73వ సవరణ పదకొండో షెడ్యూల్‌లో భూసంస్కరణల అమలు అని ఉంది, అయినా అడంగల్ మాత్రం రెవెన్యూ చేతిలోంచి పంచాయతీ దగ్గరికి రాలేదు. ఏటా గ్రామసభలో అడంగల్ పేరు పేరునా చదివి వినిపించాలి, తప్పుంటే అక్కడే రాసుకోవాలి.

మాలపల్లి మాస్టారు:
బాబూ, గ్రామసభ ఎక్కడ జరుగుతుందో చూశావా? మా ఊళ్లో రామాలయం ముందు. మా వాళ్లు చివర నిలబడతారు, పేదలకు సర్కారు ఇచ్చిన డి-పట్టా భూమి ఎవరి సాగులో ఉందో అందరికీ తెలుసు, ఒక్కరూ నోరెత్తరు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ గారు ఊరంటే సంకుచితత్వానికీ అజ్ఞానానికీ నిలయమని ఊరికే అనలేదు. ఊరికి అప్పగిస్తే ఎవరి చేతికి పోతుందో ముందు ఆలోచించు.

డెల్టా రైతుబిడ్డ:
మాస్టారూ, ఇది నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. అయితే మీ పల్లెలోనే విడిగా చదవాలి, పొలం ఎవరి పేరున ఉందో ఎవరు దున్నుతున్నారో రెండూ చదవాలి, అభ్యంతరం చెప్పినవాళ్ల చేతికి తహసీల్దారు సంతకంతో రసీదు ఇవ్వాలి. రసీదు చేతిలో ఉంటే మీ వాళ్లు నోరెత్తుతారా? మీరే చెప్పండి.

మాలపల్లి మాస్టారు:
రసీదు ఉంటే కొంతమంది ఎత్తుతారు. మా అమ్మ ఎత్తుతుంది.