బొంత బోర్డరుకి మైటర్ మూలా, నేరు మూలా?

అంచుచీర:
గద్వాల చీర కోటకొమ్ము అంచుని (మొనలు తేలిన కొమ్ములు వరసగా ఉండే అంచు) కోసి బొంతకి బోర్డరుగా వేయాలి. లోపలి భాగం కుట్టు పోగా 40 × 50 అంగుళాలు, బోర్డరు 4 అంగుళాలు. మూలల్లో పట్టీల్ని 45 డిగ్రీల ఏటవాలు కుట్టుతో కలపాలా (అదే మైటర్), ఒక పట్టీ చివరని రెండో పట్టీకి నేరుగా తగిలించేస్తే చాలా? కుట్టు కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు దేనితో మొదలుపెట్టాలి? లెక్కలతో సహా చెప్పండి.

నేరుకుట్టు:
నేరు మూలే. పొడుగు వైపు రెండు పట్టీలు, రెండు చివర్లా పావంగుళం కుట్టు కలిపి ఒక్కోటి 50½ అంగుళాలు. అవి కుట్టాక పైనా కిందా రెండు, ఒక్కోటి 48½. మొత్తం 198 అంగుళాలు. మైటర్‌కైతే ప్రతి పట్టీకీ రెండు చివర్లా బోర్డరు వెడల్పంత కలిపి, పైన 4 అంగుళాలు చేతిలో ఉంచుకోవాలి. అంటే 62 రెండు, 52 రెండు, మొత్తం 228. తేడా 30 అంగుళాలు.

బట్ట కంటే పెద్ద సంగతి ఇంకోటుంది. నేరు కుట్టు పడుగు, పేకల దారిలోనే వెళ్తుంది కాబట్టి సాగదు. మైటర్‌లో రెండు అంచులూ క్రాసే, అంటే పడుగు, పేకలకి ఏటవాలు. చెయ్యి కొంచెం లాగినా మూల గిన్నెలా లేస్తుంది. పైగా అంచు పట్టు. కుట్టు విప్పితే సూది చిల్లులు అలాగే కనబడతాయి. మొదటిసారి కుట్టేవాళ్ల చేతికి ఇవ్వాల్సిన పని కాదిది.

పడుగుపేక:
ప్లెయిన్ బట్టకైతే మీ మాటే నాదీ. చారలున్న బట్టకీ, చీర అంచుకీ మాత్రం ఒప్పుకోను. నేరుగా కలిపితే ఒక పట్టీలో కొమ్ములు బొంత చివరిదాకా పోతాయి, రెండో పట్టీలో కొమ్ములు దాని పక్కకి వచ్చి గుద్దుకుని ఆగిపోతాయి. నేతగాడు అంత తీరుగా నిలబెట్టిన వరస మూలలో తెగిపోతే మిగతా పనంతా చిన్నబోతుంది. మైటర్‌లో ఆ వరస విరిగినట్టు కాకుండా, మలుపు తిరిగినట్టు ఉంటుంది.

కొమ్ములు ఎదురెదురుగా కలవాలంటే కొయ్యకముందే ఒక లెక్క చూసుకోవాలి. కొమ్ముకీ కొమ్ముకీ దూరం 2 అంగుళాలు అనుకోండి. 40లో సగం 20, 50లో సగం 25. పొట్టి పట్టీ నడిమధ్యకి కొమ్ము మొన తెస్తే, 20 రెండుతో తెగుతుంది కాబట్టి లోపలి మూల దగ్గరా మొనే వస్తుంది. పొడుగు పట్టీకీ అలాగే చేస్తే 25 దగ్గర మొన రాదు, రెండు కొమ్ముల మధ్య సందు వస్తుంది. అందుకని పొడుగు పట్టీ నడిమధ్యకి సందుని తేవాలి. అప్పుడు నాలుగు మూలల్లోనూ మొనకి మొన ఎదురు. దూరం 2 కాక వేరే ఏదైనా అయితే, లోపలి భాగాన్నే అర అంగుళమో, అంగుళమో పెంచి లెక్క కుదుర్చుకోవడం మేలు.

బట్ట చాలదన్న బెంగ అక్కర్లేదు. అయిదున్నర మీటర్ల చీరంటే సుమారు 216 అంగుళాలు, అంచులు రెండు.

నేరుకుట్టు:
లెక్క బాగుంది, ఇది నేను ఆలోచించలేదు. అయినా రెండిటికీ మధ్య ఒక దారుంది కదా. పట్టీలు 40½, 50½ కోసి, నాలుగు మూలల్లో కొంగు నుంచి తీసిన 4½ అంగుళాల చదరపు ముక్కలు పెడితే ఏటవాలు కుట్టే ఉండదు. కొమ్ములు రెండు వైపుల నుంచీ వచ్చి ఆ ముక్క దగ్గర మర్యాదగా ఆగుతాయి.

డాలస్‌దారం:
మూల ముక్క మంచి ఉపాయమే. కానీ మైటర్ చెడేది క్రాస్ అంచు వల్ల కాదు నేరుకుట్టు గారూ, ముందే 45 డిగ్రీలకి కోసేసి కుట్టడం వల్ల. కుట్టయ్యేదాకా కత్తెర ముట్టకూడదు.

పట్టీ నడిమధ్య, బొంత నడిమధ్య కలిపి పిన్ను పెట్టండి. లోపలి భాగం రెండు చివర్లా పావంగుళం దగ్గర పెన్సిల్‌తో చుక్క పెట్టండి. కుట్టు చుక్క దగ్గర మొదలై చుక్క దగ్గరే ఆగాలి, రెండు మూడు పోట్లు వెనక్కి వేసి లాక్ చెయ్యాలి. నాలుగు పట్టీలూ అయ్యాక బొంతని మూల నుంచి ఏటవాలుగా మడిచి, మంచి వైపులు లోపలికుండేట్టు రెండు పట్టీల్నీ ఒకదాని మీద ఒకటి పరవండి. చుక్క నుంచి బయటి అంచుదాకా స్కేలుతో 45 డిగ్రీల గీత గియ్యండి. పట్టు జారుతుంది కాబట్టి గీత మీద ముందు చేత్తో కచ్చా కుట్టు వేసి, మడత విప్పి చూడండి. కొమ్ములు కలిసి, మూల నేలకి అతికినట్టు పడుకుంటేనే మిషన్. అదీ లోపలి చుక్క నుంచి బయటికే కుట్టాలి, సాగినదంతా బయటి చివరకి పోతుంది. తర్వాత పావంగుళం ఉంచి మిగిలింది కోసి, కుట్టుని రెండు వైపులకీ విప్పి ఇస్త్రీ చెయ్యండి. జరీ ఉంటే వెనక వైపు నుంచి, పైన తడిలేని గుడ్డ వేసి.

లోపలి మూలలో ముడత పడిందంటే కుట్టు చుక్క దాటింది. చిల్లు కనబడిందంటే చుక్కకి ముందే ఆగింది. మూల బాగుండి బోర్డరు మొత్తం అలల్లా ఊగుతోందంటే మైటర్‌ని తిట్టకండి. బొంత అంచు పొడుగు కొలిచి పట్టీ వేసి ఉంటారు. అంచులు సాగి ఉంటాయి, కొలత ఎప్పుడూ నడుమ నుంచి తియ్యాలి.

బొంతకుట్టు:
బోర్డరు దగ్గర ఎవరి ఇష్టం వారిది. చివర బొంత అంచుని చుట్టి మూసే బైండింగ్ పట్టీకి మాత్రం మైటర్ తప్ప వేరేది వద్దంటాను. నేరుగా మడిస్తే మూలలో బట్ట పొరలు పేరుకుని గడ్డలా తగులుతాయి.

మీ బొంత ఇప్పుడు 48 × 58. చుట్టుకొలత 212, చివరలు కలపడానికి 12 కలిపితే 224 అంగుళాలు. 42 అంగుళాల పన్నా బట్టలో అడ్డంగా కోసిన పట్టీలు ఆరు. 2½ వెడల్పుతో 15 అంగుళాల బట్ట. పట్టీల అతుకులు కూడా ఏటవాలుగానే. పొడుగునా మడిచి, మడత కానివైపు బొంత అంచుకి పెట్టి పావంగుళంలో కుట్టండి. మూలకి పావంగుళం ముందు ఆగండి. మీ కుట్టు అంచుకి ఎంత దూరంలో ఉంటే మూల దగ్గర అంతే దూరంలో ఆగాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. దారం తెంపి, పట్టీని పైకి 45 డిగ్రీల్లో మడిచి, మళ్లీ కిందకి మడిచినప్పుడు ఆ పై మడత బొంత అంచుతో సమానంగా ఉండాలి. అంచు నుంచే కుట్టు మొదలుపెట్టండి. వెనక వైపు మడిచేటప్పుడు ముందు ఏ వైపు పైకొచ్చిందో వెనక దానికి వ్యతిరేకం రావాలి. అప్పుడు మందం రెండుగా పంచుకుంటుంది.

మూల గుండ్రంగా వచ్చిందంటే లోపలి దూది పొర అక్కడ కోసేశారని అర్థం. బైండింగ్ లోపల ఖాళీ ఉండకూడదు.

నేరుకుట్టు:
బైండింగ్‌లో మైటర్ నేర్చుకోవాలంటే వెనక బట్టతోనే మొదలుపెట్టమంటాను. చుట్టూ అంగుళం వెనక బట్ట వదిలి, దాని మూల కొసని బొంత మూల మీదకి ఏటవాలుగా మడవండి. పక్కల్ని అరంగుళం మడిచి, మళ్లీ అరంగుళం మడిస్తే మైటర్ దానంతటదే వచ్చేస్తుంది. మిషన్ అక్కర్లేదు.

పడుగుపేక:
గోడకి వేలాడదీసే దానికి సరే. రోజూ కప్పుకుని, వారానికోసారి ఉతికే బొంతలో ముందు అరిగేది అంచే. విడి పట్టీ అయితే విప్పి కొత్తది వేస్తాం. వెనక బట్టే అంచయితే అది చిరిగిన రోజు మార్చడానికి ఏమీ ఉండదు. అంచుచీర గారూ, గద్వాల చీరలో ఒళ్లు కాటన్, అంచు పట్టు. రెండూ ఒకేలా కుంచించుకుపోవు. కొయ్యకముందు చల్లటి నీళ్లలో ఒకసారి తడిపి, నీడలో ఆరబెట్టి, అప్పుడు కొమ్ముల మధ్య దూరం మళ్లీ కొలవండి. నేను చెప్పిన 2 అంగుళాలు అక్కడే మారిపోవచ్చు.