సాక్స్-జిమ్ అడవిలో గుడ్లగూబలను చూడటానికి సలహా కావాలి

మిన్నియాపొలిస్‌లో ఉంటాం. జనవరిలో మా నాన్నగారికి డులూత్ దగ్గరి సాక్స్-జిమ్ చిత్తడి అడవిలో గ్రేట్ గ్రే గుడ్లగూబను చూపించాలని ఉంది. కొల్లేటి పక్షుల మధ్య పెరిగిన మనిషి ఆయన. మంచు కింద తిరిగే చిట్టెలుకల అలికిడిని చెవులతోనే పసిగట్టి, పైనుంచి దూకి పట్టుకునే ఈ పక్షిని ఆయన తప్పక చూడాలి.

అది తెల్లవారుజామునా, సాయంత్రమా ఎక్కువగా కనిపిస్తుంది? ఆయనకు డెబ్బై దాటాయి, చలికి అలవాటు లేదు. కారులోంచే చూడగలిగే రోడ్లు ఏవి? సున్నాకు పాతిక డిగ్రీలు దిగువన కెమెరా బ్యాటరీలను ఎలా కాపాడుకుంటారు? ఎలుకలను ఎరవేసి పక్షిని రప్పించే వారి వెంట మాత్రం మేం వెళ్లం. అలా కాకుండా దారి చూపే స్థానిక గైడ్లు ఉంటే దయచేసి చెప్పండి.