జియాలజీ అసోసియేషన్ ఫీల్డ్ ట్రిప్‌లో హ్యామర్లు నిషేధించాలా?

కొండరాయి:
మా యూనివర్సిటీ జియాలజీ అసోసియేషన్ విద్యార్థులమే నడుపుకుంటాం. ఈసారి ట్రిప్ విశాఖ వైపు. ఎవరూ రాళ్లు కొట్టే హ్యామర్ తేకూడదని రూల్ పెట్టాలని కమిటీలో కొందరి పట్టు. నేను ఒప్పుకోను. అక్కడి కొండల్లో రోడ్డు కోసినచోట ఖోండలైట్ అనే రాయి పైకి తుప్పు పట్టినట్టు ఉంటుంది, ఏ రాయో కూడా పోల్చుకోలేం. ఒక్క దెబ్బ కొట్టి లోపలి ముఖం చూస్తే ఎర్రటి గార్నెట్ గింజలు, వాటి పక్కన తెల్లటి సిల్లిమనైట్ ఖనిజం పోగులు, హ్యాండ్ లెన్స్ పెడితే ఇంకా స్పష్టంగా. ఫస్ట్ ఇయర్ పిల్లలకి అది చూపించకపోతే ట్రిప్పు దేనికి?

భీమిలి_కుర్రాడు:
అన్నా, అదే బస్సు మధ్యాహ్నం ఎర్రమట్టి దిబ్బలకి వస్తుంది కదా. జీఎస్ఐ (భారత భూవైజ్ఞానిక సర్వే సంస్థ) భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా వెళ్లింది. అది రాయి కాదు, ఇనుప ఆక్సైడ్ పూత పట్టిన ఇసుక, వేలితో గీస్తేనే రాలుతుంది. వాన నీళ్లు కోసిన ఆ గోడలు ఒకసారి విరిగితే మళ్లీ నిలబడవు. చేతిలో హ్యామర్ ఉంటే ఎవడో ఒకడు కొట్టి చూస్తాడు. నా ఓటు నిషేధానికే.

గోదారి_ట్రాప్:
ఆంక్షలన్నీ స్టూడెంట్స్‌కేనా? రాజమండ్రి దగ్గర కాటేరులో రెండు లావా పొరల మధ్య సున్నపురాయి ఉంది, దాదాపు 6.5 కోట్ల ఏళ్ల నాటి నత్తగుల్లల శిలాజాలు అందులో దొరుకుతాయి. ఆ చుట్టుపక్కల క్వారీల్లో రోజూ లారీల కొద్దీ రాయి క్రషర్లకి పోతుంటే మనం చేతిలో పట్టేంత ముక్క తీసుకుంటే తప్పా? మనం తీస్తే కనీసం ల్యాబ్‌లో మిగులుతుంది.

సీమ_క్వార్ట్‌జైట్:
ల్యాబ్‌లో మిగులుతుందా, హాస్టల్ మంచం కింద మిగులుతుందా? ఏ ఊరు, ఏ పొర, ఎవరు తీశారు అని చీటీ లేని శాంపిల్ ఎందుకూ పనికిరాదు. తిరుమల ఘాట్ రోడ్డులో ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ, అంటే రెండు రాతి పొరల మధ్య కాలం తెగిన చోటు, చూడండి. కింద గ్రానైట్, దాని మీద క్వార్ట్‌జైట్, మధ్యలో దాదాపు 80 కోట్ల ఏళ్ల విరామం, అదంతా ఒక్క గీతలో కనిపిస్తుంది. ప్రతి బ్యాచూ గుర్తుకోసం తలా ఒక ముక్క తీస్తే ఆ గీత ఎన్నాళ్లుంటుంది? క్వారీల్లో ఊడిపడ్డ రాళ్లు బోలెడు, అవి కొట్టుకోండి. వారసత్వ స్థలాల్లో మాత్రం నోట్‌బుక్, పొరల వాలు కొలిచే క్లైనోమీటర్, కెమెరా చాలు.

కొండరాయి:
ఊడిపడ్డ రాళ్ల మాటకి ఒప్పుకుంటా. కానీ ట్రిప్పు మొత్తానికి ఒకే హ్యామర్ అంటున్నారు కమిటీలో ఇంకొందరు, అది మాత్రం కుదరదు. సీనియర్లు కొడతారు, జూనియర్లు వెనక నిలబడి మెడలు సాచి చూస్తారు, అమ్మాయిల దాకా అసలు రాదు. రోడ్డు కోతల దగ్గర గ్రూపుకి ఒకటి ఉండాలి. దిబ్బల దగ్గర అన్నీ బస్సులోనే. ఇలాగే రాసి జనరల్ బాడీలో పెడతాను.

భీమిలి_కుర్రాడు:
హ్యామర్లు బస్సులో వదిలేసి, అందరూ దిబ్బ అంచులెక్కి గ్రూప్ ఫొటో దిగితే ఏం లాభం అన్నా? అక్కడ హ్యామర్ కంటే బూట్లే ఎక్కువ కూలగొడతాయి. నీటి దారి అడుగునే నడవాలి, పైకి ఎక్కకూడదు అన్నది కూడా రాయండి, అప్పుడు మీ తీర్మానానికే చెయ్యెత్తుతాను.