సెమీ క్రిస్మస్ సంతోషం, జనవరి మత్తు: యూత్‌ని మెలకువగా ఉంచేదెలా?

ప్రశ్న (రాజాం):
అందరికీ వందనాలు. డిసెంబరు వస్తే మా యూత్‌కి సెమీ క్రిస్మస్‌లు (పండగకి ముందే జరిపే క్రిస్మస్ కూడికలు), క్యారల్స్, ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి. జనవరిలో శుక్రవారం ఉపవాస కూడికకి నలుగురు కూడా రారు. "నవ్వులెక్కువై అపవాదికి (సాతానుకి) తలుపు తీశారు" అని పెద్దలు. ఫిలిప్పీ 4:4 చూపించి "ఆనందించమన్నాడు కదా" అని పిల్లలు. ఏటి చెయ్యాలి?

జవాబు (బొబ్బిలి):
ఆ పిల్లల చేతే 7వ వచనం దాకా చదివించండి బ్రదర్. ఆనందించండి, చింతపడక ప్రార్థించండి, అప్పుడు దేవుని సమాధానం మీ హృదయాలకు కావలి ఉంటుంది. పౌలు ఇది రాసింది సంకెళ్లలో ఉండి. అపవాది సింహంలా తిరుగుతున్నాడని హెచ్చరించిన పేతురు కూడా (1 పేతురు 5:8) అదే పత్రిక 1:8లో చెప్పలేనంత సంతోషం గురించి రాశాడు.

జనవరి జబ్బు నవ్వు వల్ల కాదు, అలసట వల్ల. కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దిగాక ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద చావు కోరుకున్నాడు (1 రాజులు 19). దూత ప్రసంగం మొదలెట్టలేదు, రెండుసార్లు లేపి తినమన్నాడు. క్యారల్స్ రాత్రి పదికి ఆపండి, వరుసగా రెండు రాత్రులకు మించి వద్దు. జనవరి మొదటి శుక్రవారం ఉపవాసం బదులు భోజనంతో కృతజ్ఞత కూడిక పెట్టండి.

జవాబు (చీపురుపల్లి):
ఇంటి దగ్గర రాత్రి పది నిమిషాలు చాలు, కానీ వరుస తప్పకూడదు. ముందు ఆ రోజు మేళ్లు మూడు, విడివిడిగా. "అన్నిటికీ స్తోత్రం" అనేస్తే లెక్కలోకి రాదు. తర్వాత జారిన చోటు ఒక్కటే, 1 యోహాను 1:9 పట్టుకుని ఒప్పుకోవాలి. ఆపైన రేపటి జాగ్రత్త ఒకటి: పడుకునేటప్పుడు ఫోను హాల్లో చార్జింగ్‌కి పెట్టడం లాంటిది. తప్పులతో మొదలెడితే పట్టీ పెరిగిపోయి వారానికే మానేస్తారు.

పరిశుద్ధాత్మ గద్దింపు ఫలానా మాట, ఫలానా అప్పు అని చూపిస్తుంది, దిద్దుకునే దారీ ఇస్తుంది. ఏదీ తేలని బెదురుతో ఎవరికైనా రోజుల తరబడి నిద్ర, తిండి పోతే ప్రార్థనతో పాటు డాక్టరుకీ చూపించండి. అవిశ్వాసం అని మాత్రం అనకండి.

జవాబు (టెక్కలి):
పెద్దలకి గలతీ 6:1 చదివి వినిపించండి, దిద్దేవాడు "తన విషయమై చూచుకొనుచు" దిద్దాలని ఉంది. పక్కవాడి నవ్వుకి కాపలా కాయడం మెలకువ కాదు. యేసు పంపిన డెబ్బదిమంది శిష్యులు సంబరంగా తిరిగొస్తే యేసు సంతోషమే వద్దనలేదు, దేనికి సంతోషించాలో చెప్పాడు (లూకా 10:20). క్యారల్స్ అయ్యాక ముందు వచ్చే మాట "కానుక ఎంత?" అయితే చూసుకోవలసింది అక్కడ. డబ్బా ఇద్దరి ఎదుట విప్పి, ఆ రాత్రే పుస్తకంలో రాసెయ్యండి.

ప్రశ్న అడిగినవారు:
పదికి ఆపితే దూరం ఊళ్లు మిగిలిపోతాయి కదండీ?

బొబ్బిలి:
వాటికి ఆదివారం ఆరాధన అయ్యాక మధ్యాహ్నం వెళ్లండి. ముసలివాళ్లు కూడా మేలుకుని ఉంటారు.