అప్‌డేట్: నాపరెయులి వైన్ మ్యూజియం చూసొచ్చాం

జార్జియాలో మెడిసిన్ చదువుతున్న చెల్లిని చూడటానికి అమ్మానాన్నలతో వెళ్తున్నామని, తాగని వాళ్లకు కఖేతి ప్రాంతంలోని నాపరెయులి ఊళ్లో ఉన్న క్వెవ్రి మ్యూజియం నచ్చుతుందా అని అడిగాను కదా. నిక్షేపంగా వెళ్లండి.

క్వెవ్రి అంటే అడుగు సన్నగా, కోడిగుడ్డు ఆకారంలో ఉండే పెద్ద మట్టి బాన. లోపల తేనెమైనం పూసి, మెడ దాకా భూమిలో పాతేస్తారు. నేల చల్లదనం వల్ల లోపల వేడి పెద్దగా మారదు. ద్రాక్షరసంతో పాటు తొక్కలు, గింజలు, చాలాచోట్ల తొడిమలు కూడా వేసి పులియబెడతారు. తర్వాత మూత పెట్టి మట్టితో మెత్తి, ఐదారు నెలలు అలాగే ఉంచుతారు. తెల్ల ద్రాక్ష వైన్‌కు ఆ కాషాయ రంగు తొక్కల వల్లే వస్తుంది. ఈ పద్ధతిని 2013లో యునెస్కో గుర్తించింది.

నాన్న మాత్రం బాన కడిగే బ్రష్ దగ్గరే ఆగిపోయారు. పొడవాటి కర్ర చివర చెర్రీ చెట్టు బెరడు పొరలు పొరలుగా కట్టి ఉంటుంది, దాంతో లోపలంతా తోముతారు. ఎంత ఓపిక ఉండాలో!

తాగని వాళ్లు చుర్చ్‌ఖేలా తినండి. అక్రోట్లు దారానికి గుచ్చి, పిండి కలిపి చిక్కగా కాచిన ద్రాక్షరసంలో ముంచి ఆరబెడతారు. అమ్మకు తెగ నచ్చింది.