టి-55 మోడల్లో ఏది సరిచెయ్యాలి, ఏది వదిలెయ్యొచ్చు?

మధురవాడ నుంచి ప్రశ్న:
అందరికీ నమస్కారం. 1/35 (అసలు దాంట్లో 35వ వంతు) టి-55ఎ ట్యాంకు ప్లాస్టిక్ కిట్ మొదలుపెట్టాను. మా పెదనాన్న 1971లో టి-55 మీద గన్నరుగా చేశారు. ఆయనకి ఇద్దామని. నెట్‌లో వెతికితే ఒక్కొక్కరూ ఒక్కో లోపం చెబుతున్నారు. ఫెండర్లు (ట్రాక్ మీద ఉండే రేకులు) మందమట, హ్యాచ్‌లు (లోపలికి దిగే మూతలు) వేరట, టరెట్ (గొట్టంతో పాటు తిరిగే పై భాగం) మరీ నున్నగా ఉందట, ఆ ఆకుపచ్చ ఆ ఆకుపచ్చే కాదట. అన్నీ దిద్దుతూ కూచుంటే ఇది ఈ జన్మలో పూర్తి కాదు. ఉన్నది ఉన్నట్టు అతికించేస్తే పెదనాన్న ఒక్క చూపులో పట్టేస్తారు. ఎక్కడితో ఆపాలో చెప్పండి.

గాజువాక నుంచి:
బాబూ, ముందు ఒక సంగతి. 1/35 అన్న కొలతే ఎవరూ శాస్త్రం ప్రకారం పెట్టింది కాదు. 1960ల మొదట్లో జపాన్ మోడల్ కంపెనీ టామియా వాళ్ళు మోటారుతో నడిచే పాంథర్ (జర్మన్ ట్యాంకు) బొమ్మ చేసినప్పుడు బ్యాటరీలూ గేర్‌బాక్సూ పట్టేంత సైజు పెట్టుకున్నారు. తర్వాత లెక్కేస్తే అది సుమారు 35వ వంతుగా తేలింది. లోకమంతా దాన్నే పట్టుకుంది. కాబట్టి పక్కా కొలతలంటూ భయపెట్టేవాళ్ళ మాట సగమే వినండి.

ఫెండర్లు చూద్దాం. ప్లాస్టిక్ 1 మి.మీ. మందం ఉంటే అసలు ట్యాంకు లెక్కలో 35 మి.మీ. టి-55 ముందు కవచమే 100 మి.మీ. అంటే రేకు ఫెండరు వెళ్ళి కవచంలో మూడో వంతు మందమై కూచుంది! అచ్చు పోసిన ప్లాస్టిక్‌లో ఇది తప్పదు. ఫెండరంతా అరగదీయక్కర్లేదు, కంటికి ఆనేది అంచు ఒక్కటే. అడుగు వైపు నుంచి బ్లేడుతో వాలుగా గీకి, వాటర్ పేపరు రాసెయ్యండి. చూసేవాళ్ళకి పల్చటి రేకులాగే ఉంటుంది.

మీ పెద్దాయనది మామూలు టి-55 అయితే ఇంకో చిన్న పని ఉంది. అందులో ముందు కవచంలోంచి కాల్చే మెషీన్‌గన్ ఒకటి ఉండేది, టి-55ఎ లో దాన్ని తీసేశారు. ముందు పలక మధ్యలో సన్న బిట్‌తో ఒక చిల్లు పెడితే సరి. అయిదు నిమిషాల పని.

అసలు ఆయన చూసేది ఫిరంగి గొట్టం. పాకిస్తాన్ దగ్గర అప్పట్లో చైనా టైప్ 59లు ఉండేవి. అవి టి-54కి నకళ్ళు, దూరం నుంచి మన టి-55కీ వాటికీ తేడా తెలీదు. మన ట్యాంకుని మనవాళ్ళే కొట్టకుండా, గుర్తు కోసం గొట్టం మధ్యలో ఉత్తుత్తి ఫ్యూమ్ ఎక్స్‌ట్రాక్టర్ (కాల్చాక గొట్టంలో పొగని లాగే లావు తొడుగు) తొడిగారు. నిజంగా పొగ లాగేది గొట్టం చివరే ఉంటుంది. ఈ రెండోది లేకపోతే మిగతాదంతా ఎంత పక్కాగా ఉన్నా అది 1971 నాటి మన ట్యాంకు కాదు. నా మాట అడిగితే హ్యాచ్‌లు వదిలెయ్యండి, దీని మీద కూచోండి.

మధురవాడ:
దాని కొలత ఎక్కడ దొరుకుతుందండీ?

గాజువాక:
ఫొటోలోంచి తియ్యాలి. టి-55 చక్రం 810 మి.మీ., కిట్‌లో 23 మి.మీ. పైచిలుకు. నేరుగా పక్క నుంచి తీసిన ఫొటో దొరికితే చక్రాన్నే స్కేలుగా పెట్టుకోండి. చక్రంలో ఆ తొడుగు ఎన్నో వంతు ఉందో చూసుకుంటే అయిపోయింది. ఏటవాలు ఫొటోలతో మాత్రం కొలవొద్దు, మోసం చేస్తాయి. చెయ్యడానికి మాస్కింగ్ టేపుని పట్టీలుగా కోసి గొట్టానికి చుట్టండి, సరిపడా లావయ్యాక ఫెవిక్విక్ పట్టించి, గట్టిపడ్డాక వాటర్ పేపరుతో గుండ్రంగా తీర్చండి. అర మిల్లీమీటరు అటూ ఇటూ అయినా ఎవరూ అడగరు.

ఎంవీపీ కాలనీ నుంచి:
గురువుగారూ, గొట్టం సంగతి ఒప్పుకుంటాను గానీ నేనైతే ట్రాక్‌తోనే (చక్రాల చుట్టూ తిరిగే ఇనప పట్టా) మొదలుపెడతాను. టి-55కి పైన ట్రాక్‌ని మోసే చిన్న రోలర్లు ఉండవు. ఇనప ట్రాక్ తన బరువుకి చక్రాల మీద వాలిపోయి ఉంటుంది. కిట్‌లో వచ్చే రబ్బరు బెల్టు వెనక పళ్ళచక్రం నుంచి ముందు చక్రం దాకా ఆరేసిన తాడులా బిగిసి నిలబడుతుంది. ఎంత డిటైల్ పెట్టినా ఈ ఒక్క తప్పుతో అది ఆటబొమ్మ అయిపోతుంది.

తమ్ముడూ, చక్రాలకి ముందే రంగు వేసుకో. ట్రాక్ తొడిగాక పై భాగాన్ని ఒక్కో చక్రం మీదకి నొక్కి, ఫెవిక్విక్ చుక్క పెట్టి, పట్టేదాకా ఇయర్ బడ్‌తో అదిమిపట్టు. ఒకటో చక్రానికీ రెండో చక్రానికీ మధ్య ఖాళీ ఎక్కువ ఉంటుంది కదా, అక్కడ ట్రాక్ కాస్త ఎక్కువ దిగాలి. విడివిడి లింకుల సెట్ కొంటే ఇంకా బాగుంటుంది గానీ పక్కకు తొంభై దాకా అతికించాలి. మొదటి ట్యాంకుకి అంత శిక్ష వద్దు.

మధురవాడ:
థాంక్స్ అక్కా. రాత్రి పెదనాన్నకి ఫోన్ చేశాను. హ్యాచ్‌ల మాట ఎత్తితే నవ్వారు. గొట్టం మీద తొడుగు మాత్రం నేను అడక్కుండానే చెప్పారు. రంగు ఏ పచ్చ అని అడిగితే, "పచ్చ ఎక్కడ కనబడిందిరా, అంతా దుమ్మే" అన్నారు. రంగు నంబరు కోసం వారం నుంచి కొట్టుకుంటున్నాను!

గాజువాక:
నలుపు తెలుపు ఫొటోల్లోంచి నంబరు తేల్చడం ఎవరి తరమూ కాదు. ముదురు ఆలివ్ గ్రీన్ తీసుకుని కొంచెం లేత గోధుమరంగు కలపండి. అసలు రంగే తెచ్చి వేసినా అరచేతంత బొమ్మ మీద మరీ నల్లగా కనబడుతుంది. పైన దుమ్ము ఎటూ వస్తుంది. టరెట్ గరుకుకి ప్లాస్టిక్ సిమెంటు పల్చగా పూసి, మెత్తబడగానే బిరుసు బ్రష్‌తో పొడవండి. లెక్క ప్రకారం ఆ గరుకు అసలు కనబడకూడదు. కానీ లేకపోతే పోత ఉక్కులా అనిపించదు, అందుకని తెలిసే కాస్త ఎక్కువ చేస్తాం.

మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ మాత్రం ముసురు రోజున కొట్టొద్దు. మన సముద్రపు తేమకి తెల్లగా పొగబారిపోతుంది. థిన్నర్ గబగబా ఆరిపోతూ పైపొరని చల్లబరుస్తుంది, గాల్లో తేమ వచ్చి అక్కడే కూచుంటుంది. ఎండ బాగా కాసిన రోజు, పదిన్నర దాటాక, పల్చటి పొరలుగా వెయ్యండి.

మధురవాడ:
డెకాల్స్ (నంబర్లూ గుర్తులూ ఉండే పల్చటి స్టిక్కర్లు) వార్నిష్‌కి ముందా, తర్వాతా?

ఎంవీపీ కాలనీ:
ముందు మెరిసే గ్లాసీ వార్నిష్, దాని మీద డెకాల్స్, ఆఖర్న మ్యాట్. గరుకు రంగు మీద నేరుగా అతికిస్తే కింద గాలి ఉండిపోయి అంచులు వెండిలా మెరుస్తాయి. అలాగే, కిట్‌లో వచ్చిన నంబర్లు వేరే దేశానివి అయితే అతికించకు. పెదనాన్నగారికి తన ట్యాంకు నంబరు గుర్తుంటే సన్న బ్రష్‌తో తెల్లగా రాసెయ్యి, అక్షరం కాస్త వంకరైనా ఫరవాలేదు.